ఆకు అడుగున నివాసం

నేలపర్తిలంక కొబ్బరితోటల్లో కాపురముంటున్న తెల్లదోమల మీద వేప కషాయం కొట్టాలంటే అంతకుముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ముందుగా దోమలకు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఆకు పైభాగాన కాకుండా అడుగుభాగాన అంటించాలి, ఎందుకంటే వాటి నివాసం అక్కడే. అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువివ్వాలి. సోమవారం విచారణకు వచ్చిన దోమలు కూర్చోవడానికి బల్ల మీద పచ్చి కొబ్బరాకు ఒకటి పరవాలి. ఈలోగా వేపగింజలు ఎండబెట్టాలి, పొట్టు తీయాలి, రోట్లో దంచాలి, గుడ్డలో మూటకట్టి నీళ్లలో నానబెట్టాలి, పొద్దున్నే మూట పిండి వడగట్టాలి, ఆకుకు పట్టుకునేటట్టు కాస్త సబ్బుపొడి కలపాలి. కలిపిన కషాయం ఆ రోజే కొట్టెయ్యాలి, మర్నాటికి దానిలో పస ఉండదు. చివరగా, ఏ పురుగు మీద కొట్టారో ఆ పురుగు నివాసం, తిండి, వయసు దశ పట్టికలో రాసి పై అధికారి సంతకం తీసుకోవాలి.

ఈ పనులన్నీ పెచ్చెట్టి ఏడుకొండలుకు కంఠతా వచ్చు. తెల్లదోమ నివారణ విభాగంలో అతను క్షేత్ర సహాయకుడు. వాళ్ల ఇంటిపేరు గల వాళ్లలో డిగ్రీ చేతికి తెచ్చుకున్న మొదటివాడు. తండ్రి సత్యం కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపి కొడుకును చదివించాడు. చదువుకున్నవాడికి నియమం తెలిసి ఉండాలి, తెలిసిన నియమం పాటించాలి అన్నది ఏడుకొండలు నమ్మకం. కాలేజీలో అతను చేసిన ప్రాజెక్టు కూడా చెట్టూచేమల నుంచి తీసే పురుగుమందుల మీదే. వేప, కానుగ, సీతాఫలం గింజ, వావిలాకు, వీటిలో ఏది ఏ పురుగు మీద ఎలా పనిచేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వేపలో ఉన్న గొప్పతనం ఏమిటంటే అది పురుగును చంపడానికి తొందరపడదు. ముందు దాని ఆకలి చంపుతుంది. తినబుద్ధి కాని చోట ఏ ప్రాణీ ఎక్కువకాలం ఉండదని ఏడుకొండలు రైతులకు చెబుతుంటాడు.

తెల్లదోమ సముద్రాల అవతల నుంచి ఏదో మొక్కను పట్టుకుని వచ్చింది. కొబ్బరాకు అడుగున తెల్లటి మైనంలాంటి పొడితో చుట్టలు చుట్టలుగా, ముగ్గు వేసినట్టు, గుడ్లు పెడుతుంది. రసం పీలుస్తుంది. అది విసర్జించే తీపి జిగురు కింద ఆకుల మీద పడి, దాని మీద మసి బూజు పట్టి, తోట తోటంతా పొయ్యి మీద పెట్టిన దాక అడుగులా నల్లబడిపోతుంది. నల్లబడిన ఆకుకు ఎండ అందదు. ఎండ అందని చెట్టు కాయను సరిగ్గా ఎదగనివ్వదు.

అలా నల్లబడిన తోటల్లో కడలి పల్లాలమ్మ కౌలు చేస్తున్న తోట ఒకటి. ఆమె అత్త ఆ తోట చేసింది, ఆమె భర్త ఆ తోట చేశాడు, ఇద్దరూ పోయాక ఆమె చేస్తోంది. కౌలు మాత్రం నోటిమాట కౌలే. ఆ లంకల్లో కౌలు కాగితం మీద పెట్టే ఆచారం లేదు. కాగితం రాస్తే భూమికి కాళ్లొచ్చి కౌలుదారు వెంట వెళ్లిపోతుందని కామందులందరి భయం. పల్లాలమ్మ కామందు భాస్కర్రామారావుగారు కాకినాడలో ఉంటారు. ఈ ఏడాది ఆయన ఫోనులో ఒక్క మాటే చెప్పారు. ఆకు మళ్లీ పచ్చబడితే తోట ఆమెదే, నల్లగానే ఉంటే మరొకరికి ఇచ్చేస్తారు.

అందుకే ఆ సోమవారం పల్లాలమ్మకు రెండు పనులు పడ్డాయి. ఒకటి, దంచి నానబెట్టిన వేపగింజల మూటలు పిండి డ్రమ్ములు నింపడం. అది తెల్లవారేసరికే చేసేసింది. రెండోది, మండల కార్యాలయంలో విచారణకు వెళ్లడం. ఎటూ వెళుతున్నాను కదా అని కౌలు గుర్తింపు కార్డు దరఖాస్తు కూడా కొంగున కట్టుకుని బయల్దేరింది. ఆ దరఖాస్తు ఆమె ఏటా పెడుతూనే ఉంటుంది.

విచారణ జరిపింది స్థానికత విభాగం సీనియర్ అసిస్టెంటు జోగారావు. తెల్లదోమలు టైముకే వచ్చి కొబ్బరాకు మీద వరసగా కూర్చున్నాయి. వాటి తరపున ఒక పెద్దదోమ మాట్లాడింది. గొంతు సన్నగా ఉండడంతో జోగారావు ఫ్యాను ఆపించాడు.

"మేం పరాయోళ్లమని నోటీసులో రాసేరండి. ఆయ్, మేం పుట్టిందిక్కడేనండి. మా యమ్మ పుట్టిందిక్కడే, ఆ యమ్మను గన్న తల్లీ ఇక్కడే. సముద్రం అవతలనించి వొచ్చిందెవరో మాకు తెలీదండి. మాకు తెలిసిందల్లా ఈ గోదారేనండి" అంది దోమ.

వెనక బెంచీ మీద కూర్చున్న పల్లాలమ్మ పక్కనున్న ఏడుకొండలును మోచేత్తో పొడిచింది. "యాస మటుకు మనదేరా అబ్బాయ్."

"విచారణలో మాట్లాడకూడదత్తా" అన్నాడు ఏడుకొండలు, ఊరివరసన పిలుస్తూ.

"ఎన్ని తరాలు?" అని అడిగాడు జోగారావు.

"తరానికి నెలండి. మీరే చూసుకోండి."

మూడు తరాలు ఒకే ఊళ్లో పుడితే స్థానికులుగా గుర్తించాలన్నది నియమం. తరం ఎంత పొడుగుండాలో నియమంలో లేదు. జోగారావు ఆధారం అడిగాడు. దోమలు తమతో తెచ్చుకున్న ఆకు ముక్కను ముందుకు జరిపాయి. దాని అడుగున ప్రతి తరం గుడ్లు పెట్టిన చుట్టలు, ఒకదాని పక్కన ఒకటి, స్పష్టంగా ఉన్నాయి. జోగారావు కళ్లజోడు పైకెత్తి, దించి, చుట్టలన్నీ చూశాడు. పాతికేళ్ల సర్వీసులో ఇంత శుభ్రంగా పెట్టిన కాగితాలు చూడలేదన్నాడు. సంతకం చేయమంటే పెద్దదోమ సర్టిఫికెట్టు అడుగున చిన్న చుట్ట చుట్టింది. పాత చుట్టలతో పోల్చి చూస్తే సరిగ్గా సరిపోయింది. నేలపర్తిలంక తెల్లదోమలు ఆ పూటే స్థానికులయ్యాయి.

తర్వాతి టోకెను పల్లాలమ్మది.

"వేలు పెట్టు" అన్నాడు జోగారావు.

ఆమె వేలిముద్ర మిషను మీద బొటనవేలు పెట్టింది. మిషను ఎర్రగా వెలిగింది.

"పడలేదు. గట్టిగా పెట్టు."

"పెట్టేనండి."

"ఇంకా గట్టిగా."

"ఇంకా గట్టిగా ఎడితే మిషను నా ఏలికంటుకుని ఇంటికొచ్చేస్తాదండి బాబూ."

ఏళ్ల తరబడి కాయలు ఒలిచి, పీచు లాగి, ఆమె వేళ్ల మీద గీతలు మిగల్లేదు. వేలు నున్నగా సబ్బుబిళ్లలా ఉంది. మిషను దృష్టిలో ఆ చెయ్యి ఎవరిదీ కాదు. జోగారావు విసుక్కోలేదు. కామందు సంతకం ఉంటే వేలిముద్ర అక్కర్లేదని చెప్పి తన ఫోను నుంచే భాస్కర్రామారావుగారికి ఫోను చేశాడు.

"ఆవిడంటే నాకు చాలా గౌరవమండీ. వాళ్ల అత్తగారి నాటి నుంచి మా తోట మనుషులు. అలాంటి మనుషుల మధ్య కాగితాలేమిటండీ, అసహ్యంగా" అన్నారాయన. ఫోను పెట్టేశారు.

"మీ అత్త ఆ తోటలో ఉన్నట్టు ఆవిడ పేరు మీద ఏదైనా ఉంటే పట్రా. మూడు తరాల కింద చూద్దాం" అన్నాడు జోగారావు, సాయపడే ఉద్దేశంతోనే.

"మాయత్త పోయిందండి."

"పోయినవాళ్ల కాగితాలైనా ఫర్వాలేదు."

"పోయేవోళ్లు కాగితాలు రాసి పోతారేటండీ. వోళ్ల కంగారు వోళ్లకుంటాది."

జోగారావు దరఖాస్తు మీద 'ఆధారాలు లేవు' అని రాసి ఇచ్చేశాడు. పల్లాలమ్మ దాన్ని మళ్లీ కొంగున కట్టుకుంది. ఏడుకొండలు ఆమెను మోటారుసైకిలు మీద ఎక్కించుకుని తోటకు తీసుకొచ్చాడు. దారిపొడుగునా అతను ఆలోచించింది డ్రమ్ముల గురించి.

తోట దగ్గర ఏడుకొండలు పై అధికారిణి సువర్చల అప్పటికే వచ్చి ఉంది. సత్యం వెదురుగెడ చివర స్ప్రేయరు గొట్టం కట్టి, ఇంజను పక్కన చతికిలబడి, చుట్ట కాలుస్తున్నాడు. చెట్లు నల్లగా నిలబడి ఉన్నాయి. డ్రమ్ముల్లో కషాయం చేదు వాసన వేస్తూ సిద్ధంగా ఉంది.

"దోమలకి సర్టిఫికెట్టు ఇచ్చేశారట కదా" అంది సువర్చల.

"ఇచ్చేశారు మేడమ్. కాగితాలు కరెక్టుగానే ఉన్నాయి."

"మరి మన పథకం పరాయి పురుగుల మీదే. స్థానికుల మీద మందు కొడితే రేపు నేనే విచారణలో ఆకు మీద కూర్చోవాలి. కషాయం ఎంతసేపు ఉంటుంది?"

"సాయంత్రం దాకా మేడమ్."

"కొట్టకుండా పారబోస్తే మందు పనిచెయ్యదని రాస్తారు. జిల్లాలో వేప కషాయం మూలపడేసి డబ్బా మందులు తెస్తారు. నీ ఇష్టం. సాయంత్రంలోగా నాకు ఒక పరాయి పురుగును చూపించు."

ఏడుకొండలు కంగారు పడలేదు. నియమాల పుస్తకంలో దారి లేని చోటు ఉండదని అతనికి తెలుసు. ఒక డ్రమ్ము మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాడు. నిర్వచనాల దగ్గర ఆగాడు. 'పరాయి పురుగు అనగా, తగిన ధ్రువపత్రము లేకుండా తోటలో నివసించుచు, తోట ఫలసాయముపై ఆధారపడి జీవించు ప్రాణి.' ఇంకోసారి చదివాడు. కాళ్లు ఎన్ని ఉండాలో, రెక్కలు ఉండాలో అక్కర్లేదో అందులో లేదు. తలెత్తి చూస్తే ఎదురుగా పల్లాలమ్మ ఖాళీ గుడ్డమూటలు ఉతికి తాడు మీద ఆరేస్తోంది.

"అత్తా, ఇలా రా. నువ్వు ఎక్కడుంటావు?"

"తెలీనట్టడుగుతావేట్రా... అడుగుతారేటండీ" అంది పల్లాలమ్మ, సువర్చలను చూసి మాట మార్చుకుని. "అదిగో, ఆ పాకలో."

"పాక దేంతో నేశారు?"

"కొబ్బరాకుతోనండి."

'నివాసం: కొబ్బరాకు అడుగుభాగం' అని రాశాడు ఏడుకొండలు. "ఏం తిని బతుకుతావు?"

"కాయమ్ముకుని తింటాను. దాహమేస్తే ఓ బొండం కొట్టుకుంటాను. ఎందుకండీ ఇయ్యన్నీ?"

'రసం పీల్చు రకం.' "పిల్లలు?"

"ఇద్దరు. నాగులు తాపీపనికి పోయేడు. ఆడపిల్లని రాజోలిచ్చేను. నువ్వే కదరా పెళ్లిలో అప్పడాలు వొడ్డించేవు!"

దశ అన్న చోట గుడ్డు, పిల్లపురుగు, నిద్రావస్థ, తల్లిపురుగు అని గళ్లున్నాయి. ఏడుకొండలు తల్లిపురుగు దగ్గర టిక్కు పెట్టాడు. ధ్రువపత్రం ఉందా అన్న చోట 'లేదు' అని రాసి, రుజువుగా ఆమె కొంగున ఉన్న దరఖాస్తు అడిగి తీసుకుని జతచేశాడు. 'ఆధారాలు లేవు' అన్న జోగారావు అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

పట్టిక పూర్తయ్యాక అతనికి ఒళ్లంతా తేలికైంది. పల్లాలమ్మ కోసం ఎన్నో దరఖాస్తులు తనే నింపాడు. ఏ దరఖాస్తులోనూ ఆమె ఒక్క గడిలో కూడా సరిపోలేదు. ఇందులో అన్ని గళ్లలోనూ సరిపోయింది. ఏం చేయబోతున్నారో, ఎందుకో, ఆమెకు అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. మందు పేరుకు ఆమె మీద కొడతారు. ఆమె చెట్టు కింద నిలబడుతుంది. గెడ ఎత్తి పైకి కొడితే ఆకు అడుగున తగిలి ఆమె మీద పడుతుంది. పథకం ప్రకారం పరాయి పురుగు తడవాలి, తడుస్తుంది. దారిలో ఆకు కూడా తడిస్తే ఎవరూ కాదనరు.

పల్లాలమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అయితే నేనీ తోటలో ఉంటన్నట్టు గవర్మెంటోరు రాసుకున్నట్టేనా?"

"రాసుకున్నట్టే అత్తా."

"పేరుతోనేనా?"

"పురుగు పేరు అన్న చోట పూర్తిగా రాశాను. కడలి పల్లాలమ్మ, నేలపర్తిలంక."

"ఏదీ, ఎక్కడుందో చూపించు." చూపించాడు. ఆమెకు చదువు రాదు. అయినా ఆ గడి మీద వేలు పెట్టి, వేలు తీసి, తన పేరు చెదిరిపోలేదు కదా అన్నట్టు మళ్లీ చూసుకుంది. "ఇన్నాళ్లకి ఎక్కించేవురా నాయనా" అంటూ లోపలికి వెళ్లి సువర్చలకు ఒక బొండం, ఏడుకొండలుకు ఒక బొండం కొట్టి తెచ్చింది. సువర్చల బొండం తాగి, పట్టిక రెండుసార్లు చదివి, సంతకం పెట్టింది.

సత్యం చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు. "మావోడు చూసేవా పల్లాలూ! చదువుకున్నోడికి కనిపించే దార్లు మనకి కనిపించవు" అన్నాడు.

"మీ వోడి దారి నా నెత్తిమీంచి పోతందిగా మరి. కొట్టు కొట్టు, కబుర్లాపి" అంది పల్లాలమ్మ.

మందు కొట్టేముందు స్థానికులైన దోమలను కాసేపు పక్కకు తప్పుకోమని మైకులో విజ్ఞప్తి చేశారు. అవి తప్పుకోలేదు. సొంత ఊళ్లో ఎవరూ తప్పుకోరు. పల్లాలమ్మ మొదటి చెట్టు కింద, చీర కుచ్చిళ్లు దోపుకుని, తల పైకెత్తి నిలబడింది. ఇంజను మొదలైంది. కషాయం గెడ చివర నుంచి చీలి ఆకు అడుగున కొట్టుకుని, తెల్లటి పొడిని, మసిని, గుడ్ల చుట్టలను కడుక్కుంటూ ఆమె మీద పడింది.

"నోరు మూసుకోవే, చేదు!" అని అరిచాడు సత్యం.

"చిన్నప్పుడు అమ్మోరు పోసి తగ్గేక మాయమ్మ వేపాకు నీళ్లే పోసింది. ఇయ్యేం కొత్తా!" అని ఆమె అరిచింది. తర్వాత చెట్టు కిందకు తనే నడిచింది. ఏ ఆకు ఎక్కువ నల్లబడిందో చూసుకుని, సరిగ్గా దాని కిందే నిలబడింది. సాయంత్రానికి డ్రమ్ములు ఖాళీ అయ్యాయి. పల్లాలమ్మ నఖశిఖపర్యంతం నల్లగా, జిగురుగా, మీద వాలిన తెల్లదోమల రెక్కలతో నిలబడింది. గాలివాటుకు మందు తగిలి కొందరు స్థానికులు మరణించినందుకు విభాగం తరపున సువర్చల విచారం వ్యక్తం చేసింది. అది కూడా పట్టికలో రాశారు.

పదిహేను రోజులాగి ఇంకోసారి కొట్టారు. ఈసారి కషాయంలో కాస్త కానుగ నూనె కలిపారు. తర్వాత ఒక వాన పడి మసి కడిగేసింది. మొవ్వులో కొత్త ఆకు విచ్చుకుంది. అది పచ్చగా ఉంది. పల్లాలమ్మ ఆ ఆకును చూడ్డానికి వచ్చేపోయే వాళ్లందరినీ పిలిచింది. ఏడుకొండలు దాని ఫొటో తీసి ఫోను తెర మీద పెట్టుకున్నాడు. తన ప్రాజెక్టులో రాసిన ప్రతి అక్షరం నిజమైంది.

అయితే ఫలితాల నివేదిక రాయబోతే చిక్కు వచ్చింది.

"మందు కొట్టకముందు తోటలో పరాయి పురుగులు ఎన్ని?" అని అడిగింది సువర్చల.

"ఒకటి మేడమ్."

"కొట్టిన తర్వాత?"

ఏడుకొండలు కిటికీలోంచి చూశాడు. ఆఫీసు అరుగు మీద పల్లాలమ్మ కూర్చుని, కొత్త గింజలు ఎప్పుడు దంచాలో అడగడానికి ఎదురుచూస్తోంది. "ఒకటి" అన్నాడు.

"అంటే మన కషాయం పనిచెయ్యలేదు."

"పనిచేసింది మేడమ్! ఆకు పచ్చబడింది."

"ఆకు గురించి గడి లేదు, ఏడుకొండలూ. పురుగు గురించే ఉంది. రెండుసార్లు కొట్టినా పురుగు కదల్లేదని రాస్తే ఈ పథకం ఇక్కడితో సరి. మిగతా ఊళ్లలో తోటల సంగతి నువ్వే ఆలోచించుకో."

ఏడుకొండలు ఆలోచించాడు. మిగతా ఊళ్లలో ఇంకా నల్లగా ఉన్న తోటలున్నాయి. వాటి కింద కాగితాల్లేని మనుషులున్నారు. కషాయం గెలిస్తే వాళ్లందరికీ మేలు. అరుగు మీదకు వెళ్లి పల్లాలమ్మ పక్కన కూర్చుని సంగతి చెప్పాడు.

"ఓస్, ఇంతేనా! వోళ్లు లెక్కెట్టే రోజున నేను రాజోలు పోయి పిల్లని చూసొస్తాను. ఎలాగూ ఎల్లి చాన్నాళ్లయ్యింది" అంది ఆమె.

ఆమె రాజోలు వెళ్లింది. తనిఖీ బృందం వచ్చింది. పాక తడక తెరిచి చూశారు, కొబ్బరాకు కప్పు అడుగున చూశారు, మంచం కింద చూశారు. పరాయి పురుగు కనపడలేదు. నివారణ నూటికి నూరు శాతం అని రాశారు. పై అధికారుల నుంచి ఏడుకొండలు పేరు మీద ప్రశంసాపత్రం వచ్చింది. తోట గేటుకు 'పరాయి పురుగు లేని తోట' అని పచ్చరంగు బోర్డు కట్టారు. నివారించిన పురుగు తిరిగి రాకుండా గేటుకు రెండు వైపులా జిగురు పూసిన పసుపు అట్టలు వేలాడదీశారు. ఆ అట్టలు ఏడుకొండలే స్వయంగా కట్టాడు, ఎందుకంటే అది క్షేత్ర సహాయకుడి పని.

పల్లాలమ్మ చేతిసంచీలో కూతురు పెట్టిన పచ్చడి సీసాతో తిరిగొచ్చి గేటు దగ్గర ఆగింది. లోపల పాక కనిపిస్తోంది. తాడు మీద ఆరేసిన గుడ్డమూటలు కూడా కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు లోపలికొస్తే ఏటవుతాది?" అని అడిగింది.

"పునఃప్రవేశం కింద రాయాలి అత్తా. బోర్డు తీసేస్తారు. పథకం పోతుంది."

"కొత్త ఆకు బాగానే ఉందా?"

"ఇంకోటి కూడా విచ్చింది."

"అయితే సరే" అంది పల్లాలమ్మ. సంచీ నేల మీద పెట్టలేదు. అలాగే పట్టుకుని, తోట పక్కన కాలవగట్టు మీదకు నడిచింది. సత్యం పాకలోంచి మంచం, కుండ, గుడ్డమూటలు తెచ్చి ఇచ్చాడు. గట్టు మీద ప్లాస్టిక్ పట్టా కట్టి పెట్టాడు. కొబ్బరాకు కప్పవద్దని కొడుకు ముందే చెప్పాడు.

బోర్డు కట్టిన ఫొటో చూసి భాస్కర్రామారావుగారు కాకినాడ నుంచి కారులో వచ్చారు. ఆకులు చూసి సంతోషించారు. పల్లాలమ్మ ఏదని అడిగారు. ఇక్కడ లేదని, లేనట్టు ధ్రువీకరణ కూడా అయిందని ఏడుకొండలు చెప్పాడు. అయ్యో పాపం, మంచి మనిషి అన్నారాయన. మరి తోట ఎవరికివ్వాలన్న ప్రశ్న వచ్చింది. ఊళ్లో కాగితాలన్నీ సరిగ్గా ఉన్న స్థానికులు ఎవరని జోగారావును అడిగితే ఆయన ఉన్నమాట చెప్పాడు. మందుకు చావకుండా మిగిలిన తెల్లదోమలు చివరి వరస చెట్ల మీద ఉన్నాయి. కామందు మొదట వెనకాడారు. కౌలుదారు ఆయుష్షు నెలరోజులేనని, ఎంత రాసిచ్చినా హక్కు పుట్టేలోగా హక్కుదారు పోతాడని జోగారావు వివరించాక ఆయన ముఖం విప్పారింది. ఆ లంకల్లో మొట్టమొదటి రాతపూర్వక కౌలు అలా జరిగింది. భాస్కర్రామారావుగారు సంతకం పెట్టారు. పెద్దదోమ మనవరాలు చుట్ట చుట్టింది.

ఆ రోజు ఏడుకొండలు నియమాల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మళ్లీ చదివాడు. నోటీసు నుంచి బోర్డు దాకా ప్రతి పనీ సరిగ్గానే జరిగింది. ఎక్కడా తప్పు దొరకలేదు. తప్పు దొరక్కపోవడమే అతనికి కాస్త ఇబ్బందిగా అనిపించింది. దాన్ని రాయడానికి గడి కోసం వెతికాడు. లేదు.

మర్నాడు కాలవగట్టు మీదకు వెళ్లాడు. పక్క ఊళ్ల తోటల కోసం గింజలు దంచే పని విభాగం పల్లాలమ్మకే ఇచ్చింది. ఆమె రోలు ముందు కూర్చుని దంచుతోంది. చుట్టూ గాలి చేదుగా ఉంది. అక్కడి నుంచి చూస్తే తోట కనిపిస్తుంది. కొత్త ఆకులు పచ్చగా ఊగుతున్నాయి. చివరి వరసలో ఒకటి రెండు అప్పుడే నల్లబడడం మొదలుపెట్టాయి.

"అత్తా, పురుగుల పట్టికలో నీ పేరు తీయించేద్దామనుకుంటున్నాను. దరఖాస్తు నేనే రాసుకొచ్చాను. ఇక్కడ వేలు పెడితే చాలు. మిషనక్కర్లేదు, సిరా వేలిముద్ర చాలంటున్నారు."

పల్లాలమ్మ రోకలి ఆపింది.

"తీసేస్తే మరి నా పేరు ఇంకెక్కడుంటాది?"

ఏడుకొండలు ఆలోచించాడు. నిజాయితీగా ఆలోచించాడు. "ఎక్కడా ఉండదు" అన్నాడు.

"నేనా తోటలో ఉన్నట్టు?"

"అది కూడా అక్కడే ఉంది. నివాసం అన్న గడిలో."

"అయితే ఉంచెయ్యరా అబ్బాయ్. పురుగైతే ఏటి, పేరుంది కదా" అని పల్లాలమ్మ మళ్లీ రోకలి ఎత్తింది. "రేపు మా మనవడెవడన్నా వొచ్చి అడిగితే చూపించు. మాయత్తకి అదీ లేకపోయింది."

ఏడుకొండలు దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వంగి, నిండిన బుట్టలోంచి దోసిలితో గింజలు తీసి రోట్లో పోశాడు. మిగతా ఊళ్లలో చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. ప్రతి తోట గేటు దగ్గరా, ఏ గడిలోనూ సరిపోనివాళ్లు అతని పట్టిక కోసం ఎదురుచూస్తున్నారు. మోటారుసైకిలు తీశాడు.

ఇప్పుడు లంకల వైపు వెళ్లినవాళ్లకు తోటలు పచ్చగా కనిపిస్తాయి. గేటుగేటుకూ పచ్చ బోర్డులుంటాయి. కాలవగట్టు పొడుగునా ప్లాస్టిక్ పట్టాలుంటాయి, వాటి కింద రోళ్ల చప్పుడు వినిపిస్తుంది. తెల్లదోమ నివారణ విభాగం వాళ్ల పట్టిక ఎప్పుడైనా మీ చేతికొస్తే, రసం పీల్చు పురుగుల పేజీలో, గుడ్డు, పిల్లపురుగు దాటి, తల్లిపురుగు వరసలో చూడండి. అక్కడ ఒక పేరుంటుంది. అది అచ్చుతప్పు కాదు. ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి పైకి చదవండి. ఆవిడకు చదువు రాదు, మీరు చదివితే విన్నట్టే. కడలి పల్లాలమ్మ, నేలపర్తిలంక. గుర్తుంచుకోండి.